కుట్టుమిషను పెడలు, గెంతే బొమ్మ

నరసరావుపేటలో మా పక్కింటి టైలరు ఖాలా మొన్న నిద్రలోనే పోయింది. తెల్లారగానే ఆమె కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ లేవట్లా" అంది. పరిగెత్తుకు వెళ్లి చూశాను. ఏడుపు రావడానికి ముందు నాకు ‘అమ్మయ్య’ అనిపించింది. తప్పుగా అనుకోకండి, ఎందుకో చెబుతాను.

ఖాలా అంటే పిన్ని. వీధిలో అందరికీ ఆమె పిన్నే. ఎవరు కుట్టిన జాకెట్టు ఇచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూసేది. "పైన అందరూ బాగానే కుడతారే. ఉల్టా చూడు, సంగతంతా అక్కడుంటది" అనేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం పని పక్కన పెట్టి, కూతురి చిన్ననాటి వీడియో గేమ్ టీవీకి తగిలించి కూర్చునేది. బొమ్మ గుంటలో పడితే ఆమె తిట్టే తిట్లు మా వంటింట్లోకి వినపడేవి.

పోయినేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కుట్టు పోయింది, ఆటా పోయింది. ఎడమ చేత్తో బొమ్మను నడపొచ్చు గానీ, గెంతించే మీట రిమోట్‌కి కుడివైపు ఉంటుంది. ఖాలా గోడవైపు తిరిగి పడుకుంది. కసరత్తు చెయ్యమంటే వినదు. "ఇట్టా మంచాన పడుండే పోతానేమోనే" అంది ఒకసారి. ఆ భయం నాకూ పట్టుకుంది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను. ఆమె ఎడమ కాలు బాగానే ఆడుతోంది కదా, గెంతే మీటను కుట్టుమిషను పెడలు కిందికి తెద్దామనుకుని ఒక ఆదివారం ఆ రిమోట్ మరలు విప్పాను. అంత పాత బోర్డులో ఏ కరెంటు దారి ఎక్కడికి పోతుందో చెప్పే కాగితం ఎక్కడా దొరకదు. ఆ దారి కనిపెట్టే మీటరు ముళ్లు రెండింట్లో ఒకటి మీట దగ్గర, రెండోది చిప్పు కాళ్ల మీద పెట్టి వెతుక్కోవాలి. కలిసిన చోట కుయ్యిమంటుంది. ఆ కూతకు ఖాలా ఇటు తిరిగింది.

"ఏందే అది?"

చెప్పాను. లేచి కూర్చుని దారాల పెట్టె తెమ్మంది. కూత వచ్చినప్పుడల్లా ఎడమ చేత్తో, ఒక్కో మీట దారికి ఒక్కో రంగు దారం ముక్క బోర్డు మీద అంటించింది. గెంతుకు ఎర్రది.

తీగలు అతికించి, పెడలు కింద స్విచ్ బిగించాం. ఖాలా తొక్కింది. బొమ్మ గెంతలేదు సరికదా, వెనక్కి నడిచింది. దారాలు బోర్డుకు ఒక వైపు అంటించి, తీగలు రెండో వైపు అతికించాం. తిరగేస్తే ఎడమది కుడికి వస్తుందని ఇద్దరికీ తట్టలేదు.

ఖాలా పకపకా నవ్వింది. "రెండు చేతులూ ఒకే పక్కవి కత్తిరించామే! ఈ పనికే గదే నేను పిల్లల్ని చానా తిట్టింది!"

బట్ట తిరగెయ్యకుండా కత్తిరిస్తే జాకెట్టుకు రెండూ కుడి చేతులే వస్తాయి. ఆమె దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లూ చేసిన పొరపాటు అది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు. నా గుండె మీద బరువు దిగింది. తీగలు మళ్లీ అతికించాను.

ఆ తర్వాత ఖాలా రోజూ ఆట కోసం మంచం దిగింది. మెల్లగా వాకిట్లోకి వచ్చింది, గోడ పట్టుకుని మా ఇంటికీ వచ్చి నా జాకెట్లు తిరగేసి చూసింది. భయపడినట్టు మంచాన పడుండి పోలేదు, అందుకే నాకు ఆ ‘అమ్మయ్య’.

ఖననం అయ్యాక ఆ సాయంత్రం కూతురు చెప్పింది. "నిద్దరొస్తంది, రేపు ఆడతాలే అని రాత్రి మధ్యలో ఆపి పడుకుందక్కా. ఆ ఆట పెట్టె కట్టెయ్యబుద్ధి కాలా నాకు."

టీవీ పెట్టి చూస్తే, ఖాలా గెంతించిన బొమ్మ గుంట పైన గాల్లోనే ఆగి ఉంది. నేను మిషను ముందు ఖాలా స్టూలు మీద కూర్చుని, ముందుకు నడిపే మీట పట్టుకుని ఆట కదిలించాను. బొమ్మ గుంట దాటి అవతలి గట్టున దిగి నిలబడింది.

"అమ్మయ్య" అంది కూతురు.