తలల్లేని పెళ్లి

మలేసియాలో క్లాంగ్ వెళ్లే రైల్లో పక్క సీటు తాత ఒళ్లో తాను గీసిన బొమ్మ పెట్టుకున్నాడు. ముందు నాదస్వరం ఊదుతున్న మనిషి, వెనక తలల్లేని పెళ్లికూతురూ పెళ్లికొడుకూ.

“తలలకి రంగు సాల్లేదా తాతా?” అన్నాను.

ఆయన నవ్వకుండా ఫోన్‌లో ఓ పాతకాలపు ఫ్రెంచి చిత్రం చూపించాడు. అందులోనూ వాద్యకారుడే ముందున్నాడు, వెనక నాట్యం చేసేవాళ్లకు తలల్లేవు.

“ఈ పెయింటరు తన సావాసగాడ్ని ముందెట్టినాడు లా. మావోడు ఎన్ని పెళ్లిళ్లకి ఊదినా, ఫొటోల్లో ఆడి తలే తెగిపోనాది. రేపు పెద్దకర్మ. దండెయ్యడానికి మొకం కావాల గదా. గురుతున్నకాడికి గీసినాను. సరీగా వచ్చినాడా?”

పోయినాయన్ని నేనెన్నడూ చూడలేదు.

“అచ్చం ఆయనే తాతా,” అన్నాను.

“అయితే సరే,” అని బొమ్మను పేపర్లో చుట్టుకుని దిగిపోయాడు.

బొమ్మలోని ఆ మొహం నాకింకా గుర్తుంది.