మావ అన్న మాటకు నేను రాసిన అర్థం

ఆ రోజుల్లో మా ముత్తాతగారు మూడు ఊళ్ల శిస్తు వసూలు చేసే ముఠాదారు. మా తాతగారు వీధి అరుగు మీద కూర్చుని ఉంటే ఆ దారిన పోయేవాళ్లు చెప్పులు విడిచి చేత పట్టుకునేవారు. మా నాయనమ్మ పక్క వీధికి పేరంటానికి వెళ్లాలన్నా పల్లకీలోనే వెళ్లేది. ఇవేవీ నేను కళ్లతో చూసినవి కావు, కంఠస్థం చేసినవి. నాకు ఊహ తెలిసేసరికి ఊళ్లు చేయిజారాయి, అరుగు కూలింది. పల్లకీ మాత్రం గింజలేని ధాన్యపు కొట్లో గోనెపట్టా కప్పుకొని ఉండేది. ఇరవై రెండేళ్ల వయసులో నేను ఉద్యోగానికని జంషెడ్‌పూర్ రైలెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి రెండే రెండు: ఒక రేకు పెట్టె, ఒక వంగని వీపు. (రేకు పెట్టె తుప్పుపట్టి పోయింది.)

ఉద్యోగం ఇప్పించినాయన్ని అందరూ మావ అనేవారు. టెల్కో కాలనీ అవతల లారీల విడిభాగాలు చేసే ఓ చిన్న షెడ్డులో ఆయన పెద్దమేస్త్రీ. మా ఊరివాడే. ఇంకా చెప్పాలంటే మా నాయనమ్మ పల్లకీ మోసిన నలుగురిలో ఒకరి కొడుకు. ఆ సంగతి ఆయన మరచిపోలేదు, నేను మరవనివ్వలేదు. షిఫ్టు బస్సు నది అవతల మాంగో అనే పేటలో బయలుదేరేది. ఆయన అక్కడే ఎక్కి పక్క సీటు మీద తన ఎర్ర తువ్వాలు పరిచేవాడు. బస్సు వంతెన దాటి నేనుండే భుయ్యాడీహ్ చేరేసరికి కాలు పెట్టే చోటుండేది కాదు. అంత రద్దీలోనూ ఆ తువ్వాలు జోలికి ఎవరూ పోయేవారు కాదు. "ఇలగ రండి బాబూ, మీకోసరం ఉంచినాను," అని ఆయన కేకేసేవాడు. నేను వెళ్లి, తువ్వాలును రెండు వేళ్లతో ఎత్తి ఆయన ఒళ్లో పెట్టి, ఎదురుగా చూస్తూ కూర్చునేవాణ్ని. ఒకరోజు ఆయనే నెమ్మదిగా అడిగాడు. "అందరూ మావా అంతారు. తమరొక్కలే ‘ఏమయ్యా’ అంతారేటి బాబూ? తప్పయితే వద్దులెండి." అలవాటు లేదన్నాను. ఆయన నవ్వి, తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

షెడ్డులో మాట్లాడే భాష మా శ్రీకాకుళం తెలుగుతో మొదలై, హిందీలో నడిచి, యంత్రాల ఇంగ్లీషులో ఆగేది. అందులో సగం నాకు తెలిసేది కాదు. అర్థం అడగడం నామోషీ. అందుకని విన్న మాట నోటుబుక్కులో రాసుకొని, పక్కన నాకు తోచిన అర్థం రాసేవాణ్ని. మొదట అవసరం కోసమే రాశాను. వాళ్లు నాకు లాట్‌సాబ్, అంటే దొరగారు, అని పేరు పెట్టాక కసి కోసం రాశాను. ‘జుగాడ్: ఉండవలసిన వస్తువు లేనప్పుడు ఉండకూడని వస్తువుతో పని జరిపించుట. ఇక్కడ దీనినే ఇంజనీరింగు అందురు.’ ‘చాయ్: పని మధ్యలో తాగునది కాదు. దీని మధ్యలో పని చేయుదురు.’ ‘గావ్: స్వగ్రామము. సెలవు కావలసినప్పుడు ఎవరో ఒకరు మంచం పట్టు చోటు.’ (గ్రాంథికంలో రాస్తే వెటకారం కూడా పాండిత్యంలా కనిపిస్తుందని నా నమ్మకం.) మూడో పేజీలో ఇంకొకటుంది. దాని సంగతి చెప్పక తప్పదు.

మావ రిటైరయ్యే రోజు షెడ్డులోనే చిన్న సభ పెట్టారు. వీడ్కోలు మాటలు నన్ను రాయమన్నారు. రాశాను, నిజంగానే బాగా రాశాను, అదే నోటుబుక్కు చివరి పేజీలో. అయితే ఒక మేస్త్రీని పొగుడుతూ పదిమందిలో నిలబడి చదవడానికి నా వీపు ఒప్పుకోలేదు. గొంతు పెద్దదని మేము రేడియో అని పిలిచే స్టోర్‌కీపరు చేతికి పుస్తకం ఇచ్చి, చివరి పేజీ అని చెప్పడం కూడా చిన్నతనమనిపించి, దూరంగా వెళ్లి కూర్చున్నాను.

రేడియో మొదటి పేజీ తెరిచాడు. ‘జుగాడ్’ చదివి వెంటనే హిందీలో చెప్పాడు. షెడ్డు గొల్లుమంది. ‘చాయ్’ దగ్గర వెల్డర్లు బల్లలు చరిచారు. "అరే వాహ్ లాట్‌సాబ్, ఇతనా దిమాగ్ ఛుపాకే రఖా థా!" అని, ఇంత తెలివి దాచిపెట్టావా అన్నట్టు, ఎవరో అరిచారు. మావ, లడ్డూల డబ్బాతో వచ్చిన ఆయన భార్య, అందరికన్నా ఎక్కువగా నవ్వుతున్నారు. మూడో పేజీలో ఏముందో నాకు తెలుసు. లేచి నాలుగడుగులు వేస్తే పుస్తకం నా చేతిలో ఉండేది. కానీ ఆ షెడ్డులో నన్ను చూసి కాక నా మాటలకు జనం నవ్వడం అదే మొదటిసారి. ఇంకొక్కటి చదవనీ అనుకున్నాను. తరవాత ఇంకొక్కటి.

"మావ," అని రేడియో ఉత్సాహంగా అందుకున్నాడు. "అందరూ అందరినీ పిలుచు పిలుపు. మా పల్లకీ మోసినవాని కొడుకు కూడా నాచేత ఇట్లు పిలిపించుకొన జూచుచున్నాడు." ఇది మాత్రం అతను హిందీలో చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది.

మొదట మాట్లాడింది మావ భార్య. "మీకోసరం పరిసిన తువ్వాలు దినామూ ఉతికింది నేనే బాబూ," అంది. అంతే. మావ ఆమె చేయి పట్టుకుని, "నిజమే కదేటి రాసినారు? మా అయ్య మోసినాడు," అన్నాడు. రేడియో కంగారుగా పేజీలు తిప్పి అసలు వీడ్కోలు దొరికించుకున్నాడు. "ఇదిగో మావా, అసలుది ఇది," అన్నాడు. "సాల్లేరా, టీ సల్లారిపోతంది," అన్నాడు మావ. నేను రాసిన వాటిలో బాగున్నది ఎవరూ వినలేదు.

భార్యను ముందే ఇంటికి పంపించి, ఆ సాయంత్రం బస్సులో ఆయన ఒక్కడే వచ్చాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోలేదు. నన్ను రమ్మని ఆయన అనలేదు. వెళ్లి, మావా, జరుగు, అంటే సరిపోయేదని ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో! కడ్డీ పట్టుకుని భుయ్యాడీహ్ దాకా నిటారుగా నిలబడి వెళ్లాను. దిగేటప్పుడు మాత్రం, "మెట్టు సూసుకోండి బాబూ," అన్నాడు. ఆ తరవాత రెండుసార్లు మాంగో వెళ్లి, ఆయన సందు మొదట్లో టీ తాగి, తిరిగి వచ్చాను. మూడోసారి వెళ్లేసరికి ఆయన ఇక లేడు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో ఇలాంటి మాటలే పోగుచేస్తోంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. మొన్న, "ఔర్ యే ఆప్ హై, పాపా," అని, ఇది మీరేనంటూ, ఒకటి చదివింది. ‘పాపా: ఖాళీ సీటు పక్కన నిలబడే మనిషి’ అని దాని తాత్పర్యం. మా ఇంట్లో ఈ విద్య నాతో పోలేదని నవ్వుకున్నాను. నా మాటల్లో అప్పుడప్పుడు దొర్లే మావ అంటే ఏమిటో కూడా రాసుకుంటా చెప్పమంది. రేపు చెబుతానన్నాను.

పల్లకీని, మావ రిటైరైన మరుసటి ఏడు, పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే షాపుకు అమ్మేశాం.