ఉనైజా తోటలో దిగిన బాటసారులు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో, ఖర్జూరాలు ప్యాక్ చేసే మా కంపెనీ నన్ను రియాద్‌లోని మలాజ్ ఆఫీసు నుంచి ఖర్జూర తోటల ఊరు ఉనైజాకు బదిలీ చేసింది. హోదా కొనుగోళ్ల ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగు అదే. కాయ చెట్టుమీద ఉండగానే తోట తిరిగి చూడాలి, దిగుబడి కంటితోనే అంచనా కట్టాలి, సరుకు సంతలో వేలానికి వెళ్లకముందే రైతుతో ధర తేల్చుకోవాలి. నంద్యాలలో మా అబ్బాది, అంటే నాన్నది, కిరాణా కొట్టు, అటూ ఇటూ చిన్నాన్నలు చాచాల కొట్లు. చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఒప్పుకున్నవాడికి జ్వరమేమోనని మా ఇంట్లో నుదురు ముట్టి చూసేవారు. కంపెనీకి తగిన మనిషే దొరికాడు.

ఆ అలవాటు నన్ను ఇరుకున పెట్టడమూ ఉంది. ఒకసారి రోడ్డు పక్కన ఒకతను ముళ్ల తోకల ఎడారి ఉడుములు అమ్ముతున్నాడు. ఇక్కడివాళ్లు ‘దబ్’ అంటారు, ఇష్టంగా తింటారు. కొనే ఉద్దేశం లేకుండానే ఒకదాని ధర అడిగాను, సగానికిమ్మన్నాను. ఇచ్చేశాడు. ఊరి బయట ఇసుకలో వదిలేదాకా అది కారు వెనక సీట్లోంచి నన్నే చూస్తూ కూర్చుంది. ఆ ఊళ్లో జీవులకు నేనంటే ఏమంత లెక్క లేదు. మసీదు పచ్చికలో తలమీది జుట్టు విసనకర్రలా విప్పుకుని తిరిగే హుద్‌హుద్ పిట్ట సైతం నన్ను చూసి దారి ఇచ్చేది కాదు.

ఆ సీజనులో నేను కుదుర్చుకున్న పెద్ద తోట అబూ సాలెహ్ అనే పెద్దాయనది. సుక్కరీ రకం. పేరుకు తగ్గట్టు చక్కెరే, కానీ పండాక తడి తగిలితే పులుస్తుంది. అందుకే మా ఒప్పందంలో ఒక షరతు ఉంటుంది: వాన పడకముందు కోసిన కాయకే మొదటి రకం ధర, తడిస్తే రెండో రకం. కోతల కాలంలో అక్కడ వాన అరుదు. ఆ ఏడాది మాత్రం కోత రోజునే మధ్యాహ్నానికి వాన వస్తుందని వాతావరణ శాఖవాళ్లు ముందే చెప్పారు. అబూ సాలెహ్ ఏడాది కష్టమంతా ఆ ఉదయంలో ఉంది.

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే తోటకు వెళ్లాను. కోత మేస్త్రీ రాజన్న, జగిత్యాల వైపు గీత కార్మికుడు, మోకు భుజాన వేసుకుని చెట్టు కింద ఊరికే నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా రాజన్నా, ఇంకా ఎక్కలేదే?”

“పైకి జూడు భాయ్.”

చూశాను. మట్టలు కనబడలేదు. ప్రతి మట్ట మీదా, ఈ కొసనుంచి ఆ కొసదాకా, భుజం భుజం ఆనించుకుని పిట్టలు. పసుపు గొంతు, ఇటుకరంగు వీపు, పొట్ట నీలం. రాత్రి దుమ్ముగాలికి దారిలో దిగిపోయాయి. అవి చలిదేశాల నుంచి ఆఫ్రికాకు పోయేవట, తేనెటీగలను పట్టి తింటాయట.

“మా దిక్కు కరెంటు తీగల మీద గూసుండే పచ్చపిట్ట లెక్కనే ఉన్నయి. గని ఇంత మందిని నా బతుకుల జూడలె,” అన్నాడు రాజన్న, గొంతు తగ్గించి.

అబూ సాలెహ్ అరబ్బీ, హిందీ కలిపి ఒకటే మాట చెప్పాడు: అవి ముసాఫిర్లు, బాటసారులు, వాటంతట అవి లేచేదాకా ఎవరూ చెట్టెక్కొద్దు. నేను మబ్బు చూపించి షరతు గుర్తు చేశాను. షరతు షరతే, తగ్గించొద్దని నిన్ను అడిగానా అన్నాడు. అమ్మేవాడు తనంతట తాను ధర వదులుకోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. తల పైకెత్తి పిట్టలను లెక్కపెట్టసాగాను.

“గీ పిట్టలతోని గూడ బేరం జేస్తవా ఏంది భాయ్? అడుగు, ఎంతకు లేస్తయో,” అన్నాడు రాజన్న.

చెట్టు మొదట్లో పడి ఉన్న ఒక పిట్టను అబూ సాలెహ్ ఎత్తి, వెచ్చగా పట్టుకొమ్మని నా చేతిలో పెట్టాడు. గుప్పెడు ఖర్జూరాలు అరచేతిలో పోస్తే బరువు చెప్పగలిగినవాణ్ణి. దాని బరువు నాకు అందలేదు. గుండె కొట్టుకోవడం మాత్రం వేళ్లకు తెలుస్తూ ఉంది. ఆ పాటి ప్రాణం ఎడారులు దాటి వచ్చింది, ఇంకా సముద్రం దాటాలి.

పొద్దెక్కి మబ్బు సందులోంచి ఎండ తోట మీద పడింది. ఒక చెట్టు కదిలింది, తరువాత పక్కది. అంతలో తోట తోటంతా ఈల వేస్తూ పైకి లేచింది. కింద మా మొహాల మీద నీలం, పసుపు నీడలు ఆడినట్టే అనిపించింది. నా అరచేతిలోది ఒకసారి బిగుసుకుని ఎగిరిపోయింది, చెయ్యి ఖాళీ అయింది. రాజన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తరువాత మోకులు బిగించి ఎక్కారు. సగం వరసలు కోసేసరికి వాన పట్టుకుంది. మిగిలిన సగం రెండో రకంగా తీసుకున్నాను. అబూ సాలెహ్ సంతకం చేసి గహ్వా, అరబ్బీ కాఫీ, పోశాడు.

మరుసటి సీజను ఆయన ఒప్పందంలో, కోత ఆలస్యమై కాయ తడిసినా రైతు బాధ్యత కాని కారణాల కింద ‘దుమ్ముగాలి’ తరువాత ‘పక్షులు’ అని చేర్చాను. పొరపాటున పడిన మాటేమోనని రియాద్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కాదని చెప్పి అలాగే పాస్ చేయించాను. నా తరువాత వచ్చిన ఇన్‌స్పెక్టరుకు పని అప్పగిస్తూ చెప్పిందీ ఇదే: తోటలో రైతు ఏది అమ్మకానికి పెట్టలేదో ముందు అడుగు. ధర సంగతి ఆ తరువాత.