బావ కాలేయం, నా పసరు

డెబ్బైల్లో మద్రాసులో మా బావ కాలేయంలో గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీసేశారు. మంగళగిరిలో చీరల కొట్టు అతనిది. కుట్లు ఆరకముందే "నన్ను కూడా జాకెట్టు గుడ్డలా కత్తిరించి పంపార్రా" అని నవ్వించాడు.

తర్వాత బెజవాడ ఆస్పత్రిలో క్యాన్సర్ ఇంజక్షన్లు మొదలయ్యాయి. అక్క పిల్లల దగ్గర ఉండి నన్ను తోడు పంపింది. పక్క మంచం ఆయనకి నిండు మోతాదు, మా బావకి సగమే. నాకు రోషం వచ్చి డాక్టరుగారిని నిలదీశాను.

"ఈ మందుని అరిగించి బయటికి పంపేది కాలేయమేనండీ. ఈయనకి మిగిలిందే కాస్త. సగం పూడిన కాలువలోకి నిండా నీళ్లు వదిలితే గట్టు తెగదూ? కాలేయం మళ్లీ పెరుగుతుంది, అప్పుడు చూద్దాం. ఈలోపు వేరే మందేదీ వద్దు."

పెరుగుతుందన్న మాటొక్కటే నా చెవికెక్కింది. పెంచే పని నేనే చేద్దామనుకున్నాను. కామెర్లొస్తే మావాళ్లంతా వెళ్లే పసరు వైద్యుడు మైలవరం దగ్గర ఉండేవాడు. అక్కకి చెప్పకుండా బావని బస్సెక్కించాను.

"విషంలా ఉందిరా!"

"చేదైతేనే పనిచేస్తుంది బావా, మింగు."

"మీ అక్కని చేసుకున్నందుకు ఇంకా ఏమేం మింగాలో!"

తర్వాతి ఇంజక్షన్ నాటికి బావ కళ్లు పచ్చబడ్డాయి. ఈసారి అక్కా వచ్చింది. రక్తపరీక్ష చూసిన డాక్టరుగారి మొహం మారిపోయింది.

"మిగిలిన కాలేయానికీ జబ్బు పాకిందేమో. అదే అయితే ఈ ఇంజక్షన్లు ఆపేయాలి. బయటి మందేమైనా వాడారా?"

"లేదండీ" అన్నాడు బావ, నావైపు చూడకుండా. నన్ను కాపాడుతున్నాడు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాక గానీ నా నోరు పెగల్లేదు.

"పసరు తాగించానండీ. నేనే."

డాక్టరుగారు తిట్టలేదు. "ఆ పసరునీ అరిగించాల్సింది ఆ చిన్న ముక్కే కదండీ" అని ఇంజక్షన్ వాయిదా వేశారు. అక్క మాత్రం ఆస్పత్రి మెట్లమీదే అందుకుంది. "కాఫీ కలపడం రాదు, వీడు వైద్యం చేస్తాడట!"

పసరు మానేశాక కళ్లలో పచ్చదనం మెల్లగా తగ్గింది. జబ్బు పాకలేదని తేలింది, ఇంజక్షన్లు మళ్లీ మొదలయ్యాయి. పసరు పట్టించడం తెలివితక్కువతనం అనుకుని సరిపెట్టుకోగలను. అక్క ఏడ్చేదాకా క్యాలెండరు చూస్తూ నిలబడ్డానే, దానికి ఇప్పటికీ సిగ్గే.

ఇంజక్షన్లు మళ్లీ మొదలైన రోజు సగం మోతాదే ఎక్కించుకుంటూ బావ పక్క మంచం వైపు చూపించాడు.

"ఏరా, ఆయనకి నిండా ఇస్తున్నారు. మైలవరం బస్సు ఎన్నింటికి?"