లాకు ఎగువన ముంచిన సీసా

పదకొండేళ్ళుగా ఒక నీళ్ళ సీసా బరువు మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరైనా చివరిదాకా వినండి.

భీమవరం అవతల ఒక రొయ్యల ఫ్యాక్టరీకి నేను జనరల్ మేనేజర్ని. మా మురుగు, కాలవ నీళ్ళని ఆపి వదిలే లాకు గేట్లకి దిగువన కలిసేది. ఆ దిగువ నీళ్ళే పక్క ఊరి మంచినీళ్ళ చెరువుకి వెళ్ళేవి. నీళ్ళు వాసనొస్తున్నాయని ఊరివాళ్ళు గొడవ చేస్తే, పరీక్ష చేయిస్తానని పెద్దమనిషిలా మాటిచ్చాను. ప్యాంటు మడుచుకుని, కాలవలోకి దిగి, నా చేత్తోనే సీసా ముంచాను. లాకు ఎగువన. అక్కడ నీళ్ళు తేటగా ఉంటాయని నాకు తెలుసు. సీసా మీద మాత్రం ఆ ఊరి చెరువు పేరు రాశాను. ఎవరైనా చెయ్యమన్నారా? లేదు. యజమాని అడక్కముందే చేశాను, అదీ నా తెలివి! నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని వచ్చిన రిపోర్టుని పంచాయతీ గోడకి అంటించి, నాకు దండ వేశారు.

ఆ దండతోనే రాజకీయాల మీద ఆశ పుట్టింది. మాట నిలబెట్టుకునే మనిషినని చెప్పుకుని ఎమ్మెల్యేగా నిలబడ్డాను. ప్రచారానికి ఆ ఊరు వెళ్తే, చంటిపిల్లని చంకనేసుకుని ఒకావిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

“ఇవాళ ఉపవాసమమ్మా,” అన్నాను.

“మంచినీళ్ళకి ఉపవాసమేంటండి? మీరు బాగున్నాయన్నాకే కదండీ మేం నీళ్ళ టిన్నులు కొనడం మానేశాం. పిల్లకీ ఇవే పడుతున్నామండి.”

గ్లాసు మాత్రం అందుకోలేదు. ఎండలో తిరుగుతున్నానని జాలిపడి ఆవిడే కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చింది. సిగ్గులేకుండా మొత్తం తాగాను.

రెండుసార్లు పోటీ చేశాను, రెండుసార్లూ ఓడిపోయాను. ఆ ఊరు మాత్రం రెండుసార్లూ నాకే మెజారిటీ ఇచ్చింది. ఓడినందుకు అందరూ ఓదార్చారు. నన్ను తినేస్తున్నది ఆ మెజారిటీ అని ఎవరికి చెప్పను? గెలిచి ఉంటే ఆ మురుగు ఆపించేవాణ్ణని కొన్నాళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఒక్క నిజం చెప్పడానికి ఎమ్మెల్యే కావాలా?

మురుగు ఇంకా అక్కడే కలుస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తూ ఉంటుంది, సీసాలో అవే నీళ్ళు పట్టుకుని. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆ రోజు ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడినప్పుడు అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను.

అమ్మా, ఆ నీళ్ళు పిల్లకి పట్టకండి. నేను పరీక్షకి పంపింది మీ చెరువు నీళ్ళు కాదు.