పుస్తకం వచ్చేదాకా దున్నని చేను

మా మామగారు మాట ఇచ్చి పదకొండేళ్లయింది. మా చేనులో పాతకాలపు రాళ్ల గుండ్రాలు మూడున్నాయి. అప్పట్లో సర్కారు తరఫున ఒక అధికారి వచ్చి, నెల రోజులు డేరా వేసుకుని రెంటిని తవ్వించారు. కుండలు, ఎముకలు, తుప్పు ముద్దలు గోనెసంచుల్లో కట్టి తీసుకుపోయారు. మూడోది మిగిలింది. "ఇక్కడ ఎవరిని పూడ్చిపెట్టారో అంతా పుస్తకంగా అచ్చు వేయిస్తాను. అది వచ్చేదాకా నాగలి పెట్టకండి" అన్నారు. మామగారు సరేనన్నారు. పుస్తకం రాలేదు. ఎకరం పైన నేల బీడుగా ఉండిపోయింది.

యుద్ధం వచ్చి గింజలకు కటకటగా ఉంది. వానలు పడగానే ఆ నేలలో రాగులు చల్లాలని మా మరిది పట్టుబట్టాడు. ఇచ్చిన మాట దాటలేక, కొడుకును కాదనలేక మామగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. అధికారి ఉద్యోగం విరమించి ధర్మపురిలో కూతురింట ఉన్నారని సంతలో తెలిసింది. ఉంటున్నది తమిళ సీమలోనైనా మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లమే అందరం గాని, చదవడం వచ్చినది నాకొక్కదానికే. చిన్నప్పుడు మా నాన్న ఇంట్లో ఇసుక పోసి దిద్దించిన అక్షరాలవి. అందుచేత నన్ను పంపారు.

సంతనాడు ఉదయం ఐదింటికి స్వామికి దీపం పెట్టి బండెక్కాను. మామగారే తోలారు. ఆరున్నరకు కారిమంగళం చేరాం. ధర్మపురి బస్సు ఏడింటికంటారు గాని అది బొగ్గుతో నడిచే బస్సు. వెనక డబ్బాలో నిప్పు రాజుకునేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. వెళ్లదలచినవారు ఇంట్లో తినే బయలుదేరడం మంచిది. టికెట్టు ఆరణాలు. ముందు వైపు కూర్చుంటే చీరకు మసి అంటదు.

"మా కోడలు. పదిలంగా దించు సామీ" అని మామగారు కండక్టరుకు రెండుసార్లు చెప్పారు.

ఎనిమిదికి బస్సు కదిలింది. నా పక్కన కోళ్లగంపతో ఒకామె కూర్చుంది.

"ఏమక్కా, కోర్టు పనా?"

కాదని, సంగతంతా చెప్పాను.

"బుక్కు కోసరం బూమి బీడు పెట్టినారా? మా ఇంటాయన కూడా పెండ్లినాడు కమ్మలు చేయిస్తానన్యాడు. నేనూ చెవులు అట్లే బోడిగా పెట్టుకోనుండాను, సూడు" అంది.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ తర్వాత మామగారి ముఖం గుర్తుకు వచ్చి, అధికారిని గట్టిగా నాలుగు మాటలు అడగాలనే అనుకున్నాను.

ఒక మిట్ట దగ్గర మగవాళ్లు దిగి బస్సును తోశారు. పదింబావుకు ధర్మపురి. ఇక్కడ నడిచే చిన్న రైలు పట్టాలను యుద్ధానికి ఇనుము కావాలని పీకేశారు. అది తిరిగిన కట్ట మీద మేకలు మేస్తున్నాయి. ఆ కట్ట పక్కనే నడిచి, ఇద్దరిని అడిగి ఇల్లు పట్టుకున్నాను. అధికారి కూతురు నన్ను చూడగానే, పేరైనా అడగకముందే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఆయన వసారాలో కూర్చున్నారు. రెండు కళ్లకూ పొర కమ్మింది. బళ్లారి వైపు పనిచేసినవారు కనుక తెలుగు బాగా వచ్చు. మూడు గుండ్రాల చేను అనగానే గుర్తుపట్టారు.

"మీ మామగారు క్షేమమా? చేను పండుతోందా?"

"దున్నలేదు సార్. మీరు వద్దన్నారు గదా."

"ఆ మాట అన్న నేనే మరిచిపోయాను. ఆయన మరవలేదు" అన్నారు.

నేను అడగాలనుకున్న నాలుగు మాటలూ పక్కన పెట్టి, పుస్తకం సంగతి ఏమైందని మాత్రం అడిగాను.

కూతురు చేత ట్రంకుపెట్టె తెప్పించారు. నిండా నోటు పుస్తకాలు. "తొమ్మిది చోట్ల తవ్వాను తల్లీ. ఒక్కదాని గురించీ అచ్చు వేయలేదు. తవ్వుతుంటే రోజుకో కొత్త సంగతి. రాయడానికి కూర్చుంటే ఇంకో ఊరు పిలిచేది. తవ్విన చోటు మళ్లీ తవ్వడానికి ఉండదు. చూసినవాడు చెప్పకపోతే అది పోయినట్లే. అప్పుడు కళ్లున్నాయి, తీరిక లేదు. ఇప్పుడు తీరిక ఉంది."

ఆయన కూతురికి తమిళం తప్ప చదవడం రాదు. మూడు గుండ్రాల బొమ్మను బట్టి మా చేను పుస్తకం పట్టుకున్నాం గాని, అందులో అంతా ఇంగ్లీషు, అది నాకూ రాదు. కాని పేజీ పేజీకీ బొమ్మలున్నాయి. "బొమ్మ ఎట్లుందో నేను చెబుతాను సార్, సంగతి మీరు చెప్పండి. తెలుగులో రాసుకుంటాను" అన్నాను. కూతురు కాగితాలిచ్చింది. పదకొండున్నరకు మొదలుపెట్టాం. మధ్యలో ఆమె ఆకు వేసి చారన్నం, తోటకూర పెట్టింది. రెండింటికి మూడు కాగితాలు నిండాయి. అట్లా రాస్తుండగా ఒక బొమ్మ దగ్గర ఆయనే ముందుకు వంగారు.

"వంకరగా ఉందా? ఒక కొస మొనదేలి?"

"అవును సార్."

"మీ చేనులో తుప్పు ముద్దగా దొరికింది. ఆఫీసుకు తీసుకుపోయి శుభ్రం చేశాకే తెలిసింది అదేమిటో." అదేమిటో చెప్పారు. రాసుకున్నాను.

"మూడో గుండ్రాన్ని ఏం చేయమంటారు?"

"దాన్ని కదపవద్దు. తెరిచినవాటి సంగతే చెప్పలేకపోయాను. చెప్పగలిగినవాడు వచ్చినప్పుడు తెరుస్తాడు. మిగతా నేల దున్నుకోమనండి, నేను చెప్పానని." ఆ మాటా రాసి, కాగితం కింద సంతకం చోట ఆయన వేలు ఆనించాను, సంతకం చేశారు. వచ్చేటప్పుడు ఆయనకు నమస్కరించాను. కోపంతో వెళ్లినదాన్ని కృతజ్ఞతతో తిరిగి వచ్చేలా చేసినవాడు భగవంతుడే.

మూడింటి బస్సు మూడింటికే కదిలింది. ఐదు కాకముందే కారిమంగళం. సంత చివర మామగారు ఎద్దులను విప్పి కూర్చున్నారు.

"బుక్కు వచ్చినాదామ్మా?"

"ఇప్పటికి ఇంతే వచ్చింది మామా" అని మూడు కాగితాలు చూపించాను.

బండి ఊరు దాటాక చదవడం మొదలుపెట్టాను. కుండలు ఎన్ని, ఎముకలు ఏ దిక్కున, మూత రాయి ఎంత. ఆయన ఊకొడుతూ తోలుతున్నారు. "ఎముకల పక్కన ఇనుప కొడవలి ఒకటి" అని చదవగానే పగ్గాలు బిగించారు. బండి ఆగింది.

"కొడవలా?"

"అవును మామా. బొమ్మ నేనే చూసినాను."

"పైకి తీసినప్పుడు నేను ఆడనే ఉంటిని. తుప్పుగడ్డ అనుకొన్యాను" అన్నారు. పగ్గాలు వదులు చేసి ఎద్దులను అదిలించారు. "అయితే సేద్యగాళ్లేనమ్మా వాళ్లు. మనం దున్నితే కోపం చేసుకోరు. మూడోదాని చుట్టూ నాగలి తిప్పుకోమని చిన్నోడికి చెప్తాను."

ధర్మపురి పోయి వచ్చానంటే గుడి చూశావా అని అడుగుతారు. చూడలేదు. దేవుడు ఆ రోజు నాకు ట్రంకుపెట్టెనే చూపించాడు. అలాంటి పెట్టెలు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో, ఎందరు వాటి కోసం ఏ పని ఆపుకుని కూర్చున్నారో నాకు తెలియదు.

పొద్దు ఇంకా గుట్టల పైనే ఉంది. "వెలుతురుండగానే ఇంకోతూరి చదువు, మొదట్నుంచి" అన్నారు మామగారు. చదివాను.