ఆటులో ఆగిన పెళ్లి పడవ

తెల్ల పట్టుచీర కట్టుకుని, జడ నిండా చామంతులు పెట్టుకుని, బురదలో కూరుకుపోయిన పడవలో కూర్చున్నాను. ఆ పొద్దున్నే నా పెళ్లి. పెళ్లి జరగాల్సిన గుడి ఎదురుగా కనబడుతూనే ఉంది, గుమ్మానికి కట్టిన కొబ్బరాకులతో సహా. అయితే మాకూ దానికీ మధ్య ఉన్నది నీళ్లూ కాదు, నేలా కాదు.

మాది గుడివాడ పక్కన పల్లె. నాన్న మిషన్ బడిలో మేష్టారు. పందొమ్మిదివందల యాభైల్లో, నేను బందరులో టీచర్ ట్రైనింగ్ ముగించి ఇంటికొచ్చిన ఏడాదే ఈ సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు కూడా బడిపంతులే. దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఒక లంకలో పని. అతన్ని ఒక్కసారే చూశాను, అదీ కాఫీ గ్లాసు అందించినంతసేపు. లంకలో కొత్తగా ప్రార్థన గుడి కట్టుకున్నారు. అందులో మొదటి పెళ్లి తమ మేష్టారిదే కావాలని అక్కడివాళ్లు పట్టుబట్టారు. సరేనని కోతలు, నూర్పులు అయ్యాక బందరు మీదుగా బస్సుల్లో నాగాయలంక చేరుకుని, మర్నాడు తెల్లవారగానే పడవ ఎక్కాం. అమ్మ, నాన్న, మా ఊరి సంఘం పాస్టరుగారు, నలుగురు చుట్టాలు.

కాసేపు హాయిగా సాగింది. రెండు పక్కలా మడ చెట్లు, నీళ్ల మీదికి వంగిన కొమ్మలు. లంక కనబడిందని నాన్న లేచి నిలబడ్డారు. అప్పుడే పడవ అడుగున మెత్తగా ఏదో తగిలింది. గెడలు వేసి తోశారు. కదల్లేదు.

"కార్తీకంలో ఇక్కణ్ణించే ఎల్లానండి," అన్నాడు సరంగు, గెడ పైకి తీసి దానికంటిన బురద చూస్తూ. "అప్పుడు గెడకి నేల అందలేదు. ఈ మేట ఎప్పుడేసిందో మరి."

"ఇప్పుడేం చేద్దామయ్యా?" అన్నారు నాన్న.

"ఆటు మొదలైందండి. నీళ్లు తీసేస్తన్నాయి. మళ్లీ పోటు రావాల."

మేం చూస్తుండగానే పాయ ఖాళీ అయిపోయింది. ట్రైనింగ్‌లో కృష్ణా డెల్టా పటం ఎన్నిసార్లు గీశానో! నేలకి పచ్చ రంగు, సముద్రానికి నీలం రంగు, మధ్యలో గట్టిగా ఒక నల్లగీత. ఆ గీత ఉండాల్సిన చోటే ఇప్పుడు నేను కూర్చుని ఉన్నాను. ఇక్కడ గీతంటూ ఏమీ లేదు. నీళ్లు పోయినచోట బూడిదరంగు బురద నిగనిగలాడుతోంది. అందులోంచి చిన్న చిన్న పీతలు బయటికొచ్చి ఒంటి డెక్క ఎత్తి ఊపుతున్నాయి. కళ్లు నెత్తిమీదున్న చేపలు బురదలో గెంతుతున్నాయి. మడ చెట్ల చుట్టూ వేళ్లు మేకుల్లా నేలలోంచి పైకి పొడుచుకొచ్చాయి. భయం వేయాల్సిన చోట నాకు చూడబుద్ధయింది. అమ్మ మాత్రం చూడలేదు. కుండలో మంచినీళ్లు అడుగంటాయి. ఆమె చూపంతా కుండ మీదే.

"శకునాలూ అవీ మనకి లేవనుకో," అంది నాన్నతో, పాస్టరుగారికి వినపడకుండా. "కానీ పెళ్లి పడవ ఇలా ఆగిపోవడం నాకేం బాగాలేదు."

ఎండ బాగా ఎక్కాక, లంక వైపు నుంచి ఒక మనిషి రావడం కనిపించింది. కొత్త పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, భుజాన బిందె పెట్టుకుని, మడ చెట్ల అంచునే అడుగులో అడుగు వేస్తూ వస్తున్నాడు. దగ్గరికొచ్చాక నాన్న గుర్తుపట్టారు. "అల్లుడుగారే!"

బిందె పడవలోకి అందించి, "ముందు నీళ్లు తాగండి," అన్నాడు. అతని అరికాళ్ల నుంచి నెత్తురు కారుతోంది. మడ వేళ్లున్న చోటే నేల గట్టిగా ఉంటుందని వాటిమీదే నడిచొచ్చాడట. పాస్టరుగారు తన ఉత్తరీయం చింపి ఇవ్వబోతే వద్దన్నాడు.

నీళ్లు తాగాక అమ్మ అతన్ని అడిగింది. "రోజూ ఇంతేనా బాబూ ఇక్కడ?"

"రోజూ కాదండీ. పోటు చూసుకుని బయల్దేరితే ఇబ్బంది ఉండదు. అయితే వరదొచ్చిన ప్రతి ఏడూ దారి మారుతుంది. కృష్ణ పైనుంచి తెచ్చిన ఒండ్రంతా ఇక్కడే దింపుతుందండీ. నిరుడు పడవ తిరిగినచోట ఈ ఏడు మనిషి నడుస్తాడు."

"మంచినీళ్లో?"

"ఇసుక దిబ్బలో చెలమలు తీసుకుంటామండీ. వాననీరు ఇసుకలో ఇంకి ఉప్పునీటి పైన నిలుస్తుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగుల్తుంది. వేసవిలో కష్టమే."

"ఒంట్లో బాగాలేకపోతే?"

"నాగాయలంక వెళ్లాలండీ. పడవ మీదే."

నాన్న గట్టిగా దగ్గారు. కొంచెం తగ్గించి చెప్పమని ఆ దగ్గుకి అర్థం. అతను తగ్గించలేదు.

అమ్మ నన్ను పడవ వెనక వైపుకి పిలిచింది. "ఇంకా మించిపోయింది లేదు. ఇష్టం లేకపోతే చెప్పు. పోటు రాగానే పడవ వెనక్కి తిప్పిద్దాం. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను." నా పెళ్లి విషయంలో నన్నెవరైనా అడగడం అదే మొదలు. అదీ, బురద మధ్యన.

అతను పడవ అంచున, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ముందుకెళ్లి, అందరూ వింటుండగానే అడిగాను. "మీ బడికి ఆడపిల్లలు వస్తారా?"

ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "రారండీ. పొద్దున్నే నీళ్లకి వెళ్లాలి వాళ్లు. టీచరమ్మ వస్తే పంపుతామని కొందరన్నారు."

"కొందరేనా?"

"కొందరే," అన్నాడు, కొంచెం నవ్వి.

అందరూ పంపుతారని చెప్పి ఉంటే వెనక్కి వెళ్లిపోయేదాన్నో ఏమో, ఇప్పటికీ చెప్పలేను. అమ్మ దగ్గరికొచ్చి, "పోటు రానీయమ్మా, వెళ్దాం," అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, చెదిరిన పూలు సర్దింది.

పోటు చప్పుడు చేస్తూ వస్తుందనుకున్నాను. అలా రాలేదు. ముందు పీతలు బొరియల్లోకి దూరాయి. తర్వాత బురదలో బుడగలు. ఆ తర్వాత పల్చటి నీటిపొర ఒకటి ఎక్కడినుంచో పాకుతూ వచ్చి మడ వేళ్లని ఒక్కొక్కటే ముంచుకుంటూ పోయింది. ఒరిగిన పడవ నెమ్మదిగా నిటారుగా అయింది. సరంగు గెడ వేశాడు. మేం తలలు వంచుకుని ఉండగా పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు.

పెళ్లి దీపాల వేళకి అయింది. పెళ్లికొడుకు కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అన్నం చల్లారిపోయినా, పొద్దుటినుంచీ పస్తున్న మాకు అది విందే. మర్నాడు పొద్దున పోటు మీద మావాళ్లు వెళ్లాలి. అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, "అమ్మా, నీళ్లు తిరుగుతున్నాయి, రావాల," అని సరంగు కేక వేశాడు. ఆమె సగం ఏడుపులో పడవ ఎక్కింది. మిగతా సగం ఒడ్డున నిలబడి నేను ఏడ్చాను.

ఆ మేట మీద రెండో ఏటికి మడ మొక్కలు లేచాయి. నీళ్ల మీద తేలొచ్చిన కాయలు అక్కడే నాటుకున్నాయి. ఇంకొన్నేళ్లకి పడవలు దాని చుట్టూ తిరిగి వెళ్లేవి. సముద్రం వైపున మాత్రం ఇసుక దిబ్బ ఏటా కొంత కోసుకుపోయేది. జాలరుల ఇళ్లు మా కళ్ల ముందే వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాయి. ఇటు వచ్చిన నేలా, అటు పోయిన నేలా ఒకే లెక్కలోవని మా ఆయన అనేవారు. ఇల్లు పీక్కుంటున్న వాళ్ల దగ్గర మాత్రం ఆ మాట ఎత్తేవారు కాదు.

బడికి మొదట ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు, చెలమ దగ్గరినుంచి నేరుగా, తడిసిన పరికిణీలతో. వాళ్లకోసం గంట కొట్టడం కాస్త ఆలస్యం చేశాం.

అరవైల్లో పిల్లల హైస్కూలు చదువుల కోసం బందరుకి మారాం. కుళాయి ఉన్న ఇల్లు, ఎదురుగా తారు రోడ్డు. అయినా చాలాకాలం, పొద్దున లేవగానే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూడ్డానికి తలుపు తీసేదాన్ని.